అమ్మ కుట్టుమిషన్‌కు బ్యాటరీ మోటారు: ఆరు వారాల పని డైరీ

ఆగస్టు 18, 2024, ఆదివారం

అక్క పురుటికి తల్లిగారింటికి వచ్చి రెండు నెలలైంది. చిన్నోడికి ఈ రోజుతో ఇరవై రెండు రోజులు. వాడి లెక్క మాకెవరికీ అంతు చిక్కడం లేదు. కుక్కర్ విజిల్ వేస్తే కదలడు. వెనక సందులో బోరు వేసిన రోజు మధ్యాహ్నమంతా హాయిగా నిద్రపోయాడు. అమ్మ మిషన్ ముందు కూర్చుని పెడల్ మీద కాలు పెట్టిందంటే మాత్రం ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంటాడు. నల్లగొండలో మాది రెండు గదుల ఇల్లు. మిషన్‌కూ ఉయ్యాలకూ మధ్య ఒక గోడ, ఆ గోడకు తలుపు లేని ద్వారం.

అమ్మకేమో ఆగే వీలు లేదు. ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 2న. అప్పటికి ఇస్తానని ఒప్పుకున్న జాకెట్లు ఇప్పటికే 46, సగానికి పైగా లైనింగువి. పగలంతా చుట్టాలు, స్నానాలు, బాలింత వంట. కుట్టడానికి కూర్చునేది రాత్రి తొమ్మిది దాటాకే. వాడు పడుకునేదీ అప్పుడే.

ఈ మిషన్‌కు మొదట మోటారు లేదు. ఉషా మిషన్, కాళ్లతో తొక్కేది, అమ్మ పెళ్లప్పుడు తాత కొనిచ్చాడు. తొక్కినన్నాళ్లూ దాని చప్పుడును ఎవరం పట్టించుకోలేదు. నాలుగేళ్ల కింద అమ్మకు మోకాళ్లు పట్టేస్తే మోటారు తెచ్చి బిగించింది నేనే. కాబట్టి ఈ గోల ఇంట్లోకి వచ్చింది నా చేతుల మీదుగానే.

నేను చేసేది యూపీఎస్‌ల సర్వీసు పని. బ్యాటరీలు, బోర్డులు రోజూ ముట్టుకునేవే. అందుకని మోటారునే మార్చేద్దామని కూర్చున్నాను. ఇన్వర్టర్ పెట్టుకుంటే అయిపోతుంది కదా అన్నాడు బావ. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ పనికొస్తుంది నిజమే, కానీ మోటారు అదే కదా, మోతా అదే. మా ఇంట్లో ఉన్నలాంటి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అయితే ఇంకాస్త ఎక్కువే గురగురమంటుంది.

ఈ రోజు కొలతలు తీయడంతోనే సరిపోయింది. ఫోన్‌లో చప్పుడు కొలిచే యాప్ వేసుకుని, అమ్మ తల ఉండే ఎత్తులో స్టూలు మీద పెట్టాను. ఫ్యాను మాత్రమే తిరుగుతుంటే 46 డెసిబెల్. పెడల్ పూర్తిగా నొక్కితే 76. ఫోన్ చూపే అంకె కచ్చితమైనది కాదు. కానీ అదే ఫోన్‌ను అదే చోట పెట్టి కొలిస్తే ముందుకీ తర్వాతకీ వచ్చే తేడాను నమ్మొచ్చు. పది డెసిబెల్ తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది. నాకు అలాంటి సగాలు కనీసం రెండు కావాలి.

రాత్రి మోటారు విప్పాను. మిక్సీలో ఉండే రకమే, కాస్త చిన్నది. లేబుల్ మీద 230 వోల్టులు, 90 వాట్లు, 8000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). లోపల తిరిగే రాగి కమ్యుటేటర్‌ను రెండు కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ ఉంటాయి. కమ్యుటేటర్ మీది రాగి పట్టీలు లెక్కపెడితే 24 ఉన్నాయి. గుడ్డ మీద కుడుతున్నప్పుడు మోటారు నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుందనుకుంటే సెకనుకు 100. అంటే సెకనుకు 2400 సార్లు బ్రష్ కింద ఒక పట్టీ పోయి ఇంకో పట్టీ వస్తుంది. మోటారు కూతలో ఆ సన్నటి ఈల అదే. మన చెవి అన్నిటికంటే చురుగ్గా వినేది రెండు వేల నుంచి ఐదు వేల హెర్ట్జ్ మధ్యలోనే. చిన్నోడిని అనడానికేం లేదు.

అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "పాత మోటరు పారేయకు బిడ్డా. నీ కొత్తది నాకు నచ్చకుంటే మళ్ల గదే పెట్టాలె." సరేనన్నాను.

ఆగస్టు 20, మంగళవారం

బ్రష్‌లు లేని మోటారంటే బీఎల్‌డీసీ. ఇప్పుడు సీలింగ్ ఫ్యాన్లలో వస్తున్నది అదే. తీగ చుట్లు కదలకుండా ఉంటాయి, అయస్కాంతాలు తిరుగుతాయి. ఏ చుట్టలోకి ఎప్పుడు కరెంటు పంపాలో చూసుకునేది కంట్రోలర్. రాసుకునేది లేదు, నిప్పురవ్వ లేదు.

షాపులో ఎవరో వదిలేసిపోయిన డ్రోన్ మోటారూ దాని కంట్రోలరూ చాలా రోజులుగా డ్రాయర్లో మూలుగుతున్నాయి. పైసా ఖర్చు లేకుండా పనైపోతుందని ఆశపడి మిషన్ పక్కన బిగించి బెల్టు వేశాను. థ్రాటిల్ మెల్లగా పెంచితే మోటారు గజగజ వణికింది తప్ప కదలలేదు. ఇంకాస్త పెంచితే వెనక్కి అర చుట్టు తిరిగి, ఉన్నట్టుండి ముందుకు దూకి, సూదిని గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదానికేసి కొట్టింది. 16 నంబరు సూది రెండు ముక్కలు. ఒక ముక్క ఇప్పటికీ దొరకలేదు. గది మొత్తం అయస్కాంతంతో వెతికాను, నేల మీద పాకే వయసు వాడికి ఇంకా రాలేదు కాబట్టి బతికిపోయాను.

తప్పు నాదే. ఈ రకం మోటారులో రోటర్, అంటే తిరిగే భాగం, ఎక్కడుందో చెప్పే సెన్సార్ ఉండదు. తిరుగుతున్నప్పుడు చుట్టల్లో పుట్టే వోల్టేజీని బట్టి కంట్రోలర్ అంచనా కట్టుకుంటుంది. ఆగి ఉన్న మోటారులో అలాంటి వోల్టేజీ ఏదీ పుట్టదు, అందుకే మొదట్లో అది గుడ్డిగా తోస్తుంది. గాల్లో రెక్క తిప్పడానికి ఆ గుడ్డితనం అడ్డు కాదు. మిషన్ సంగతి వేరు. ఆగిన చోటి నుంచి, సూది గుడ్డలో దిగి ఉండగా, మెల్లగా కదలాలి. అమ్మ పనిలో సగం అదే, నాలుగు కుట్లు వేసి ఆగుతుంది, గుడ్డ తిప్పుతుంది, మళ్లీ మూడు కుట్లు. అందుకని అయస్కాంతాన్ని పసిగట్టి రోటర్ చోటు చెప్పే హాల్ సెన్సార్లు ఉన్న మోటారే కావాలి.

ఆగస్టు 24, శనివారం

షాపు పని మీద హైదరాబాద్ పోయి, వచ్చేటప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో దిగాను. పోయే ముందు ఇంట్లో లెక్క వేసుకున్నాను. మిషన్ చక్రం గాడి చుట్టూ దారం చుట్టి కొలిస్తే 440 మి.మీ., అంటే అడ్డకొలత 140. పాత మోటారు పుల్లీ 20. ఏడుకు ఒకటి. 6000ని ఏడుతో భాగిస్తే నిమిషానికి దాదాపు 857 కుట్లు. కొత్త మోటారు 3000 చుట్ల రకమైతే పుల్లీ 40 పెట్టాలి, అప్పుడూ 857 వస్తాయి. నెమ్మదిగా తిరిగే మోటారుకు పెద్ద పుల్లీ వేయడంలో ఇంకో లాభం ఉంది, బెల్టు చిన్న పుల్లీ మీద మడత పడేంతగా ఒంగాల్సిన పని లేదు, బెల్టు కిచకిచ తగ్గుతుంది.

24 వోల్టుల, 100 వాట్ల, 3000 ఆర్‌పీఎం మోటారు, మొహం చతురస్రంగా 57 మి.మీ., ఇరుసు 8 మి.మీ. 2,600 రూపాయలు. దుకాణం అతను 350 వాట్లది తీసుకోమని పట్టుబట్టాడు, "ఫ్యూచర్‌లో పనికొస్తది" అని. జాకెట్ కుట్టడానికి ఆటో మోటారు ఎందుకన్నా అంటే నవ్వి వదిలేశాడు. కంట్రోలర్ 900. సెల్లులు ఎనిమిది, ఒక్కోటి 320 చొప్పున 2,560. బీఎంఎస్ (సెల్లులను కాపాడే బోర్డు) 450, చార్జర్ 750. మొత్తం 7,260.

బట్టల షాపుల్లో పవర్ మిషన్లకు వేసే సర్వో మోటారు కొనొచ్చు కదా అని అక్కడే ఒకాయన అడిగాడు. అది నిజంగానే నిశ్శబ్దంగా ఉంటుంది, పాత క్లచ్ మోటార్ల మోతతో పోలిస్తే స్వర్గం. కానీ అది పెద్ద బల్ల కింద వేలాడదీసేది, గోడ కరెంటు మీదే నడుస్తుంది. ఇంట్లో మిషన్‌కు అతకదు.

సెప్టెంబరు 1, ఆదివారం

నిన్నటి నుంచి తెరిపి లేని వాన. సూర్యాపేట, ఖమ్మం వైపు పరిస్థితి ఫోన్‌లో చూస్తుంటే నోట మాట రావడం లేదు. మా వీధిలో రాత్రి పోయిన కరెంటు మధ్యాహ్నానికి వచ్చింది. అమ్మ దీపం వెలుతురులో హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంది, మిషన్ మీద పని అలాగే ఆగింది. బ్యాటరీ సిద్ధంగా ఉండుంటే ఈ పొద్దు నాలుగు జాకెట్లు లేచేవి.

ప్యాక్ నిన్న వాన ముదరకముందే షాపులో స్పాట్ వెల్డింగ్ చేసుకొచ్చాను. సెల్లుల సంగతి కాస్త చెప్పాలి. బ్యాటరీ డ్రిల్లుల్లో ఉండే మామూలు లిథియం అయాన్ సెల్లులు కొంటే ప్యాక్ చిన్నదయ్యేది, తేలికయ్యేది. నేను తీసుకున్నవి లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 32700 సైజు, 6 యాంపియర్ అవర్. ఇవి అదే బరువుకు తక్కువ కరెంటు దాచుకుంటాయి. అయినా పాడైనప్పుడు భగ్గుమనే గుణం వీటిలో చాలా తక్కువ, చార్జింగులు వేలల్లో ఓర్చుకుంటాయి. పసిపిల్లాడు పడుకునే గది పక్కన పెట్టేదానికి రెండో ఆలోచన అక్కర్లేదు. మిషన్ కదిలేది కాదు, బరువైతే ఏం?

ఒక్కో సెల్లు 3.2 వోల్టులు. ఎనిమిది వరసగా కలిపితే 25.6. ఆరుతో గుణిస్తే 153 వాట్ అవర్. నిండుగా చార్జి అయితే ప్యాక్ 29.2 దాకా పోతుంది.

కలిపే ముందు ఎనిమిదింటినీ మీటరుతో చూశాను, 3.29 నుంచి 3.30. పర్వాలేదు. సెల్లులకు నేరుగా టంకం పెట్టకూడదు, ఆ వేడికి లోపల దెబ్బతింటాయి. అందుకే నికెల్ పట్టీ, స్పాట్ వెల్డింగ్. పాజిటివ్ మొహాల మీద కరెంటు పారనివ్వని బార్లీ పేపర్ రింగులు అతికించాను. ఇంకొక మాట, ఈ పని చేసేటప్పుడు చేతికి కడియం, వేలికి ఉంగరం ఉండకూడదు. 24 వోల్టులు షాక్ కొట్టవు కదా అని తేలిగ్గా తీసుకుంటారు. రెండు కొసల మధ్య ఉంగరం పడితే అది ఎర్రగా కాలుతుంది, వేలితో సహా.

బీఎంఎస్‌కు తొమ్మిది సన్న తీగలు. ఒక్కో సెల్లు కొస నుంచి ఒక్కోటి. అన్నీ తెల్లగానే ఉన్నాయి, మొదటిది మాత్రం నలుపు. అతికించి, కనెక్టర్ బోర్డులోకి నొక్కబోయి ఆగాను. నల్ల తీగ మీద మీటరు ఒక ముల్లు పెట్టి, రెండో ముల్లును వరసగా కనెక్టర్‌లోని ఒక్కో తీగ కొసకు తాకించాను. 3.3. 6.6. 9.9. 16.5. 13.2. అక్కడ చెయ్యి ఆగింది. నాలుగు, ఐదు తారుమారయ్యాయి. అలాగే గుచ్చి ఉంటే బోర్డు పొగ వదిలేది, 450 రూపాయలు గోవిందా. విప్పి, మార్చి, మళ్లీ మొదటి నుంచి చదివాను. 26.4 దాకా మెట్లు మెట్లుగా వచ్చాక గుచ్చాను.

పాజిటివ్ తీగకు ప్యాక్ దగ్గరే 10 యాంపియర్ల ఫ్యూజు. మొత్తం ఒక స్టీలు డబ్బాలో పెడదామనుకుని, స్టీలు వద్దని ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాకు మారాను. అమ్మ వంటింట్లో ఒక డబ్బా తక్కువైంది, ఇంకా గమనించలేదు.

సెప్టెంబరు 8, ఆదివారం

నిన్న చవితి. మండపం మా ఇంటికి నాలుగిళ్ల అవతలే, మైకు పొద్దున్నుంచి రాత్రి పదింటి దాకా. చిన్నోడు ఒక్కసారి కూడా లేవలేదు. వాడికి పడనిది ఆ ఒక్క ఈలే అని నాకు ఇప్పుడు రూఢి అయింది.

మోటారు బిగింపు అనుకున్నదాని కంటే ఎక్కువ సతాయించింది. పాత మోటారు మిషన్ వెనక ఒకే బోల్టు మీద వేలాడుతుంది. కొత్తది బరువు. 5 మి.మీ. అల్యూమినియం యాంగిల్ ముక్క కోసి, బోల్టు రంధ్రాన్ని నిలువుగా సాగదీసి పొడుగు గాడి చేశాను, బెల్టు బిగువు సర్దుకోవడానికి. బెల్టును వేలితో నొక్కితే అర సెంటీమీటరు దిగాలి. గిటారు తీగలా బిగిస్తే మోటారు బేరింగు మీద, మిషన్ ఇరుసు మీద అనవసరపు ఒత్తిడి పడుతుంది, చప్పుడూ పెరుగుతుంది.

సాయంత్రం ఆరున్నరకు మొదటిసారి తిరిగింది. పెడల్ ఇంకా లేదు, చేత్తో తిప్పే చిన్న నాబ్‌తో నడిపాను. సున్నా నుంచి మెల్లగా, వణుకు లేకుండా కదిలింది. పాత గుడ్డ ముక్క మీద ఒక్కో కుట్టూ చూస్తూ వేయొచ్చు. డెనిమ్ నాలుగు మడతలు వేస్తే కూడా ఆగలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏంది బిడ్డా, నడుస్తున్నదా?" అంది. అప్పటికే సూది కదులుతోంది.

కానీ అనుకున్నంత నిశ్శబ్దం కాదు. 65 డెసిబెల్. పాత ఈల పోయింది, దాని చోట తేనెటీగల తుట్టె లాంటి రొద వచ్చింది. వేగంతో పాటు దాని శ్రుతి మారుతోంది. రెండు కారణాలు దొరికాయి.

మొదటిది, బ్రాకెట్‌ను నేరుగా పోత ఇనుము మిషన్‌కు బిగించాను. మోటారు వణుకంతా మిషన్‌లోకి, అక్కడి నుంచి చెక్క బల్లలోకి పోతోంది. బల్ల మీద చెయ్యి పెడితే తెలుస్తోంది. వీణకు బుర్ర ఎలాగో దీనికి బల్ల అలాగ. సైకిల్ ట్యూబ్ ముక్కలు కోసి బ్రాకెట్‌కు అటూ ఇటూ పెట్టి, బోల్టు చుట్టూ కూడా రబ్బరు గొట్టం వేశాను. బోల్టు ఎక్కడైనా ఇనుముకు తగిలితే రబ్బరు పెట్టీ లాభం లేదు. 62కు దిగింది.

రెండోది కంట్రోలర్. ఈ చవక రకం కరెంటును ఆరు మెట్లలో మారుస్తుంది. ఈ మోటారులో నాలుగు జతల ధ్రువాలు, అంటే ఒక చుట్టుకు 24 తోపులు. సెకనుకు 50 చుట్ల దగ్గర 1200 తోపులు. నేను విన్న రొద ఆ తోపులదే. దీనికి మందు మెట్లు లేకుండా కరెంటును అలలాగా మార్చే సైన్ వేవ్ కంట్రోలర్. ఇంకో 1,400. ముందే అది కొనుంటే 900 మిగిలేవి. కోఠిలో నా ముందు రెండూ పక్కపక్కనే పెట్టి అడిగాడు పాపం.

సెప్టెంబరు 15, ఆదివారం

సైన్ వేవ్ కంట్రోలర్ గురువారం వచ్చింది. తీగల రంగులు ఒకటే ఉన్నా వరస వేరే. మోటారు చుట్టలకు పోయే మూడు ఫేజు తీగలు, సెన్సార్ల నుంచి వచ్చే మూడు హాల్ తీగలు. జత కలవకపోతే మోటారు వేడెక్కుతూ మూలుగుతుంది. నాలుగో ప్రయత్నానికి సాఫీగా తిరిగింది. అమ్మ కూర్చునే చోట 57. చక్రాన్ని చూస్తే తప్ప మోటారు నడుస్తోందని తెలియదు.

ఇక పెడల్. పాత పెడల్లోంచి పోయేది నేరుగా 230 వోల్టులు, దాన్ని కొత్త సర్క్యూట్‌కు వాడలేం. కానీ అమ్మ కాలికి అలవాటైన డొప్ప అది, ఆ స్ప్రింగు బిగువు, ఆ వాలు. డొప్ప ఉంచుకుని లోపల మార్చాలి. విప్పితే పింగాణీ గొట్టంలో పేర్చిన కార్బన్ బిళ్లలు. కాలు నొక్కిన కొద్దీ బిళ్లలు ఒకదానికొకటి అదుముకుని కరెంటుకు దారి పెరుగుతుంది. ఎంత సాదా ఆలోచన! వేడి మాత్రం పుట్టాల్సిందే, పెడల్ మీద కాలు పెట్టుకుంటే చలికాలం వెచ్చగా ఉంటుందని అమ్మ అనేది దానికే.

బిళ్లల గొట్టం పీకాను. అది పాతది, తీస్తుంటే అంచు పగిలింది. దాని చోట 49ఈ అనే చిన్న హాల్ సెన్సార్, పైమూతకు ఒక బిళ్ల అయస్కాంతం. కాలు దిగితే అయస్కాంతం సెన్సార్‌కు దగ్గరవుతుంది, వోల్టేజీ మారుతుంది. రాసుకునే భాగమే లేదు, అరిగేదీ లేదు. అయితే అయస్కాంతం దగ్గరయ్యే కొద్దీ బలం ఒక్కసారిగా పెరుగుతుంది. సగం నొక్కేదాకా ఏమీ కాదు, తర్వాత లేడిలా దూకుతుంది. మధ్యలో ఆర్డునో నానో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు పెట్టి, నొక్కుడుకీ వేగానికీ మధ్య ఉన్న ఆ వంకరను సరిచేశాను. కాలు ఊరికే ఆనించినంత మాత్రాన కదలకుండా మొదటి పది శాతం వదిలేశాను. సున్నా నుంచి పూర్తి వేగానికి పోవడానికి 0.4 సెకను పట్టేలా చేశాను.

రాత్రి అమ్మ కూర్చుంది. మొదటి జాకెట్ చేతులు కుట్టింది. లోపల చిన్నోడు కదల్లేదు. అక్క ద్వారంలో నిలబడి పెదవుల మీద వేలు పెట్టుకుని నవ్వుతోంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో కాదు, ఫ్యూజు సరిగ్గా బిగించానా లేదా అని. రెండింటికి లేచి చూసుకున్నాను. బాగానే ఉంది.

సెప్టెంబరు 18, బుధవారం

కాలు తీశాక కూడా రెండు మూడు కుట్లు పడుతున్నాయట. బ్రష్‌ల రాపిడి పోయింది కదా, చక్రం దాని ఊపులో అది తిరుగుతోంది. కంట్రోలర్‌కు బ్రేక్ తీగ ఉంది. కాలు పూర్తిగా తీసినప్పుడు నానో దాన్ని లాగేలా చేశాను. ఇప్పుడు అర కుట్టులో ఆగుతోంది. కానీ ఆ కుదుపులకు పుల్లీ స్క్రూ రెండు రోజుల్లో వదులై ఇరుసు మీద జారింది. ఇరుసును ఆకురాయితో ఒక పక్క చదునుగా రాసి, స్క్రూ ఆ చదును మీద పడేలా బిగించాను. అది మొదటి రోజే చేయాల్సిన పని.

సెప్టెంబరు 22, ఆదివారం

ఇది రాయడానికి కొంచెం కష్టంగానే ఉంది. నిన్న రాత్రి అమ్మ ఒక పట్టు జాకెట్ మెడ పాడు చేసింది. మెడ వంపు తిరిగే చోట కుట్టు గీత దాటి పావు అంగుళం లోపలికి పోయింది. ఇరవై ఏళ్లకు పైగా కుడుతున్న చెయ్యి. విప్పి సర్దింది గానీ పట్టు మీద సూది రంధ్రాలు కనిపిస్తాయి కదా. గోటితో రుద్దుతూ కూర్చుంది.

ముందు పెడల్ మీద అనుమానం వచ్చింది. నానో ఇస్తున్న అంకెలు చూశాను, అన్నీ సక్రమమే. అప్పుడు అమ్మ అంది, "నీ పెడలు మంచిగనే ఉంది బిడ్డా. ఎంత ఉరుకుతున్నదో నాకు తెలుస్తలేదు. సప్పుడు లేకుంటే కాలు ఆగుతలేదు."

నాకు తట్టనే తట్టని సంగతి. అమ్మ చూపు గీత మీద, చేతులు గుడ్డ మీద. వేగం చూసుకునేది చెవి. తొక్కే రోజుల్లో కాళ్లే ఆ లెక్క చెప్పేవి, మోటారు వచ్చాక దాని కూత చెప్పింది. వంపు దగ్గర కూత ఎంతకు దించాలో, తిన్నటి కుట్టుకు ఎంతకు లేపాలో చెవికి కంఠతా వచ్చేసింది. నాకు గోల అనిపించినది ఆమెకు మీటరు ముల్లు. ఆ ముల్లు పీకేసి, మంచి పని చేశానని మీసం మెలేశాను.

పైగా బుధవారం నేను ఇంకొంచెం అతి చేశాను. 57 సరిపోలేదని, మిషన్ కింద మందపాటి ఫెల్టు (అదిమిన ఉన్ని) ముక్క పరిచి 53కు దించాను. మోటారు చప్పుడు ఎప్పుడో పోయింది, అప్పటికి మిగిలి ఉన్నది సూది కొట్టే టకటక. ఫెల్టు దాన్ని కూడా మింగేసింది.

ఫెల్టు తీసేశాను. టకటక తిరిగొచ్చింది. పూర్తి వేగంలో సెకనుకు పద్నాలుగు కుట్లు, చెవి లెక్కపెట్టలేదు గానీ ఒరవడి తెలుస్తుంది. వంపు దగ్గర సెకనుకు రెండు మూడు కుట్లయితే ఒక్కొక్కటీ విడిగా వినబడుతుంది. తర్వాత పెడల్ వంకరను అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని మార్చాను. ఆమె ఒక వేస్టు గుడ్డ మీద సుద్దతో గుండ్రటి మెడ గీసుకుని కుడుతుంటే, నేను ల్యాప్‌టాప్‌లో అంకె మార్చడం. "ఇంక మెల్లగ." "గింతనా?" "ఇంక." నేను సగం అనుకున్న చోట ఆమెకు ఆరో వంతు చాలు. చివరికి కాలి దారిలో మొదటి సగం మొత్తం నిమిషానికి 200 కుట్ల లోపే ఉంచాం, మిగతా సగంలోనే పూర్తి వేగం దాకా. పదకొండు మెడలు గీసింది. పదకొండోది చెరుపుకోకుండా దాచుకోమని నాకే ఇచ్చింది.

టకటకకు చిన్నోడు లేస్తాడేమోనని టెన్షన్ పడ్డాను. లేవలేదు. అమ్మ కడుపులో... కాదు, అక్క కడుపులో ఉన్నప్పుడు ఈ టకటక వాడు విన్నదే కదా, అక్క ఏడో నెల నుంచి ఇక్కడికి వచ్చిపోతూనే ఉండె.

సెప్టెంబరు 29, ఆదివారం

వారం రోజుల లెక్క. పూర్తి వేగంలో బ్యాటరీ నుంచి 28 వాట్లు, అంటే 1.1 యాంపియర్. పాత మోటారు అదే గుడ్డ మీద 64 తాగేది. ఆగుతూ నడుస్తూ ఉండే అమ్మ పనికి సగటున 14 పడుతోంది. ఒక చార్జికి పది గంటలకు పైగా, అంటే రెండు రాత్రులు సుఖంగా. మోటారు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు.

చార్జింగ్ పగలే, మనుషులు మెలకువగా ఉన్నప్పుడే, పరుపు మీద కాదు, గచ్చు మీద. ఎండాకాలానికి ఒక నియమం ఇప్పుడే రాసి డబ్బా మూతకు అతికించాను. ఈ సెల్లులను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. మే నెలలో మా రేకుల వసారా మధ్యాహ్నానికి అంత పోతుంది. కాబట్టి అప్పుడు తెల్లవారుజామునే.

బాబిన్ చుట్టడం ఒక్కటి కుదరలేదు. మొదటి సగం నెమ్మది కావడంతో బాబిన్ నిండేసరికి విసుగొస్తోంది. నిండా నొక్కవచ్చు గానీ దారం తెగుతుందని భయం. పక్కన చిన్న స్విచ్ పెట్టి, అది వేస్తే వేరే వంకర పనిచేసేలా చేయాలి. పండగ తర్వాత చూస్తాను.

అక్టోబరు 2, బుధవారం

ఎంగిలిపూలు. 46 కాస్తా 53 అయ్యాయి, 51 ఇచ్చేసింది. మిగిలిన రెండూ మా ఇంట్లోవే, అక్కది, అమ్మది. ఎప్పుడూ అంతే. మధ్యాహ్నం అక్కది కుడుతుంటే చిన్నోడిని మిషన్ పక్కన చాప మీదే పడుకోబెట్టారు. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. ఫ్యాను ఆగినప్పుడు లేచాడు, మిషన్‌కు కాదు.

సాయంత్రం తంగేడు పూలు సర్దుతూ అమ్మ అడిగింది, పాత మోటారు ఎక్కడ పెట్టినవ్ అని. అటక మీద ఉందని చెప్పాను. అది నిజమే. దాని పెడల్ లోపలిది పగిలిపోయిందని, ఆ డొప్పే ఇప్పుడు ఆమె కాలి కింద ఉందని ఇంకా చెప్పలేదు. టిఫిన్ డబ్బా సంగతి కూడా.